పదకొండు గంటల ఖాళీ గడి

అయ్యా,

విషయం: మూడో నంబరు పంపు హౌసు ఆపరేటరైన నా భర్త గత నెల పద్నాలుగో తేదీన విధిలో ఉండగానే చనిపోయినట్టు రికార్డులో రాయించుట గురించి, ఆ రోజు పదకొండు, పన్నెండు, ఒంటిగంటకు యాప్‌లో నమోదైన మూడు రీడింగులను కొట్టివేయించుట గురించి.

సూచిక: తమ కార్యాలయం నుంచి మా ఇంటికి వచ్చిన ఉత్తరం.

నేను అయిదో తరగతి వరకు చదువుకున్నాను. అర్జీ రాయడం ఇదే మొదలు. "సదరు", "విన్నవించుకొనునది ఏమనగా" లాంటి మాటలు మా ఆయనకు వచ్చిన మెమోలు చూసి పట్టుకున్నాను. వాటిని ఆయన పారెయ్యకుండా ఒక సంచిలో దాచేవారు. తప్పులుంటే మన్నించాలి.

విన్నవించుకొనునది ఏమనగా:

1. ముందుగా ఈ అర్జీ కాగితం మీద ఎందుకు రాశానో చెప్పుకోవాలి. మా అత్తయ్యా నేనూ తమ కార్యాలయానికి వచ్చాము. కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తాగారు, "కాగితాలు తీసుకోవడం మానేశామమ్మా, అన్నీ కంప్యూటర్లోనే" అన్నారు. ఆయన మంచివారే. తానే తెర మా వైపు తిప్పి చూపించారు. ఫిర్యాదు ఏ రకమో ఎంచుకోవాలట. నీళ్ళు రావడం లేదు, నీళ్ళు మురికిగా ఉన్నాయి, పైపు పగిలింది, బిల్లు ఎక్కువ వచ్చింది. ఈ నాలుగే ఉన్నాయి. మా సంగతి వాటిలో దేంట్లోనూ ఇమడదు. ఆయన కాసేపు ఆలోచించి, "పోనీ, నీళ్ళు రావడం లేదని పెట్టండి. ఎవరో ఒకరు ఫోను చేస్తారు, అప్పుడు అసలు సంగతి చెప్పుకోవచ్చు" అన్నారు.

మా అత్తయ్య, "మాకు నీళ్ళు వస్తున్నాయి నాయనా. మా వాడే రావడం లేదు" అంది.

గుమాస్తాగారు తెర మళ్ళీ తన వైపు తిప్పుకున్నారు. రిజిస్టరు పోస్టులో పంపితే ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోక తప్పదని మెల్లగా చెప్పారు. అందుకని ఇలా పంపుతున్నాను.

2. తమ ఉత్తరంలో ఇలా ఉంది: "సదరు ఆపరేటరు గత ఏడు నెలలుగా పంపు హౌసుకు హాజరు కాక, తన నివాసం నుంచే రీడింగులు నమోదు చేసినట్లు యాప్ ద్వారా నిర్ధారణ అయినది. సంఘటన జరిగిన సమయమున సదరు వ్యక్తి విధిలో లేడు. అనుమతి లేకుండా వాల్వు గుంతలోకి దిగినాడు."

ఈ ఉత్తరం నేను చాలాసార్లు చదివాను. ఇంట్లో కూర్చున్నవాడూ గుంతలోకి దిగినవాడూ ఒక్కరే ఎలా అవుతారో నాకు అర్థం కాలేదు. మా ఆయన పదకొండేళ్ళు ఆ పంపు హౌసులో పనిచేశారు. పొద్దున ఆరింటి షిఫ్టుకు అయిదున్నరకే ఇంట్లోంచి బయల్దేరేవారు. జ్వరం వచ్చినా వెళ్ళేవారు. అలాంటి మనిషిని దొంగతనంగా గుంతలో దూరిన ఎవరో దారినపోయే మనిషిలా రాశారు.

పరిహారం సంగతి నేను ఎత్తడం లేదు. ఈ అర్జీ దాని కోసం కాదు.

3. ఫోను మా ఇంట్లో ఉన్న మాట నిజం. అది ఎందుకు ఉందో చెబుతాను.

ఆయన పోవడానికి ఏడు నెలల ముందు ఆఫీసువాళ్ళు ఆపరేటర్లందరికీ తలా ఒక ఫోను ఇచ్చారు. ఇకమీదట రిజిస్టరు రద్దు, గంటగంటకూ ప్రెషరు రీడింగు యాప్‌లోనే కొట్టాలి అన్నారు. అరగంట సేపు నేర్పారట. మా ఆయన ఇంటికి తెచ్చి తెర మీద వేలు పెడితే అది పలకలేదు. పదకొండేళ్ళు వాల్వు చక్రాలు తిప్పిన చేతులు అవి. వేళ్ళ చివర్లు కాయలు కాచి చెక్కలా ఉండేవి. అయిదు కొడితే ఎనిమిది పడేది, లేకపోతే ఏమీ పడేది కాదు. నేను వేలు పెడితే వెంటనే పలికింది.

"చూశావా, నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది, నిన్ను చూస్తే ఇకిలిస్తోంది. ఇది మీ పుట్టింటి తాలూకా ఏమిటే" అన్నారు ఆయన.

"మీరు నెమ్మదిగా ఆనించాలి. వాల్వు తిప్పినట్టు నొక్కితే ఎలా?" అన్నాను.

"పదకొండేళ్ళలో ఏదీ నెమ్మదిగా ఆనించే పని పడలేదు మరి."

నాలుగు రోజులు అవస్థ పడ్డారు. రీడింగు గంట దాటి పావుగంటలోపు పడకపోతే యాప్‌లో ఎర్రచుక్క వస్తుంది. అది సూపర్‌వైజరుగారి ఫోనులో మోగుతుంది. నెలలో మూడు ఎర్రచుక్కలు పడితే మెమో. ఆ నాలుగు రోజుల్లోనే రెండు మెమోలు వచ్చాయి. అవి కూడా ఆ సంచిలోనే ఉన్నాయి. అప్పుడు ఆయన ఒక ఏర్పాటు చేశారు. ఆఫీసు ఫోను నా దగ్గర ఉంచి, తన పాత బటన్ల ఫోను తీసుకుని వెళ్ళేవారు. గంటగంటకూ గుంతలో ప్రెషరు చూపే గేజి చూసి పైకి వచ్చి, నాకు ఫోను చేసి అంకె చెప్పేవారు. నేను యాప్‌లో కొట్టేదాన్ని.

యాప్ మనం ఎక్కడ కూర్చుని కొడుతున్నామో కూడా రాసుకుంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ ఏడు నెలల్లో ఎవరూ చూడనూ లేదు. ఆయన పోయాక చూశారు.

4. ఆ ఫోను మీద నాకు కోపం లేదని కూడా రాయాలి. నాకు నలుగురిలో నోరు పెగలదు. ఇంట్లో అత్తయ్య ఎదుట మా ఆయనతో సరిగా మాట్లాడేదాన్ని కాదు. పెళ్ళయి మూడేళ్ళు. మొదటి రెండున్నరేళ్ళలో మాట్లాడినదానికంటే ఈ ఏడు నెలల్లో ఎక్కువ మాట్లాడుకున్నాము. గంటకొకసారి ఫోను మోగేది. "ఆఫీసరుగారూ, రాసుకోండి. మూడు పాయింట్ ఏడు" అనేవారు. నేను కొట్టేసి "అయింది" అనేదాన్ని. "అయింది సార్ అనాలి" అనేవారు. "ఆఫీసరు ఎక్కడన్నా సార్ అంటారా?" అనేదాన్ని. ఆ తర్వాత ఒక నిమిషం ఏదో ఒకటి. ట్యాంకు మీద పావురాలు గూడు పెట్టాయనో, వంకాయలు తేవాలా అనో. అంతే. రోజుకి ఎనిమిది సార్లు.

ఇది తమరికి అనవసరం. కానీ మేము మోసం చేద్దామని ఆ ఏర్పాటు చేసుకోలేదని తెలియడానికి రాశాను.

5. రిజిస్టరు రద్దయినా మా ఆయన రాయడం మానలేదు. పాత రిజిస్టరులో మిగిలిన కాగితాల్లో, ఏడు నెలలూ, గంటగంటకూ తన చేత్తో రాశారు. సూపర్‌వైజరుగారు రెండుసార్లు చూసి, "కాగితం లేదంటే అర్థం కాదా, ఎవరి కోసం ఇది" అని అడిగారట. "రాస్తే గాని చూసినట్టుండదండీ" అన్నారట ఈయన.

ఆ రిజిస్టరు ఇప్పుడు నా దగ్గర ఉంది. మా ఆయన తర్వాత రెండింటి షిఫ్టుకు వచ్చే ఆపరేటరును నేను అన్నయ్యా అని పిలుస్తాను. అతనే దాన్ని తువ్వాల్లో చుట్టి మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు. "గది ఖాళీ చేస్తున్నారు చెల్లెమ్మా, చిత్తు కాగితాల్లో కలిపేస్తారు. నీ దగ్గర ఉండనీ" అన్నాడు. పద్నాలుగో తేదీ పేజీకి జిరాక్స్ తీయించి దీనితో జతపరిచాను. అసలు పుస్తకం తమరు చూస్తామంటే నేనే తెస్తాను. పోస్టులో పంపడానికి నాకు మనసొప్పలేదు.

6. రిజిస్టరులో చివర "రిమార్కులు" అని ఒక గడి ఉంటుంది. యాప్‌లో అది లేదు. గుంతలోకి దిగే ఇనుప నిచ్చెనకు పైనుంచి మూడో మెట్టు వదులైందని మా ఆయన ఆ గడిలో అయిదుసార్లు రాశారు. పూర్వం సూపర్‌వైజరుగారు వారానికొకసారి రిజిస్టరు మీద సంతకం పెట్టేటప్పుడు ఆ గడి చదివేవారు. రద్దయ్యాక చదివేవాళ్ళు లేరు. నోటితో చెబితే, "యాప్‌లో పెట్టు" అన్నారట.

ఒకరోజు ఆయన ఫోనులో, "మెట్టు సంగతి అందులో ఎక్కించవే" అన్నారు. నేను వెతికాను. అంకె తప్ప ఇంకేదీ కొట్టడానికి చోటు లేదు. "ఎక్కడ ఎక్కించను, అంకెలే తీసుకుంటోంది" అన్నాను. "అయితే మూడో మెట్టు గనక మూడు అని కొట్టు, అర్థం చేసుకుంటారు" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మెట్టే ఊడింది.

7. ఈ ఏడో విషయం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

పంపు గదిలో గోడ మీద ఒక గేజి ఉంది. దాని ముల్లు నాలుగు పాయింట్ రెండు దగ్గర ఇరుక్కుపోయి కదలదు. సరైన గేజి గుంతలో ఉంది. దాన్ని చూడాలంటే నిచ్చెన దిగాలి. కొందరు దిగరు, గోడ మీద ఉన్నదే చెబుతారు. నాలుగు పాయింట్ రెండు అంటే ఎవరూ తప్పు పట్టరట. మా ఆయన మాత్రం ప్రతి గంటకూ దిగేవారు. ఆయన పద్ధతి ఏమిటంటే, దిగే ముందే రిజిస్టరులో గంట రాసి పెట్టుకునేవారు. పైకి వచ్చాక చేతులు తడిగా ఉంటాయి గనక ఒక్క అంకె మాత్రం రాస్తే సరిపోతుందని. బటన్ల ఫోను నీళ్ళలో పడుతుందని బల్ల మీదే ఉంచి దిగేవారు.

పద్నాలుగో తేదీన ఆరు నుంచి పది వరకు అయిదు రీడింగులు చెప్పారు. పదకొండింటికి ఫోను రాలేదు. అయిదు నిమిషాలు చూశాను. పది నిమిషాలు చూశాను. నేనే ఫోను చేశాను. మోగింది, తీయలేదు. ఇంకా గుంతలోనే ఉన్నారనుకున్నాను. ఆ నెల అప్పటికే రెండు ఎర్రచుక్కలు పడి ఉన్నాయి. ఇంకొకటి పడితే మెమో. పదకొండుంబావుకు ఒక నిమిషం ఉందనగా నేను నాలుగు పాయింట్ రెండు అని కొట్టాను.

అయ్యా, అది నేనే కొట్టాను. ఆయన చెప్పలేదు.

పన్నెండింటికి మళ్ళీ ఫోను చేశాను. తీయలేదు. మళ్ళీ నాలుగు పాయింట్ రెండు కొట్టాను. ఒంటిగంటకూ అంతే. మొదటిసారి కొట్టాక అంకె సరిగా పడిందో లేదోనని మళ్ళీ చూసుకున్నాను. మూడోసారి చూసుకోలేదు. చెప్పకుండానే ఎర్రచుక్క పడకుండా కాపాడానని ఇంటికొచ్చాక మెచ్చుకుంటారని కూడా అనుకున్నాను. ఏమని వేళాకోళం చేస్తారో అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను.

పంపు హౌసు మా ఇంటికి పది నిమిషాల నడక. పన్నెండింటికి వెళ్ళి చూద్దామా అనిపించింది. చెప్పులు కూడా వేసుకున్నాను. గేటు ముందు టీ కొట్టు ఉంది, అక్కడ ఎప్పుడూ మగవాళ్ళు ఉంటారు. వాళ్ళ ముందు నుంచి వెళ్ళి ఏమని అడగాలి, మా ఆయన ఫోను తీయడం లేదని అడగాలా, రేపు ఆయన్ను ఆటపట్టిస్తారేమో అనుకున్నాను. చెప్పులు విప్పేశాను.

రెండింటి షిఫ్టు అన్నయ్య రెండుకు పావుగంట ముందు వచ్చి చూశాడు. మెట్టు ఊడి ఆయన కింద పడ్డారు. తొడ తెగింది. ఒంటిగంట ప్రాంతం దాకా ప్రాణం ఉండి ఉంటుందని, నెత్తురు పోవడం వల్లే పోయారని డాక్టరుగారు అన్నయ్యకు చెప్పారు.

మర్నాడు సూపర్‌వైజరుగారు మా ఇంటికి వచ్చారు. వాకిట్లో కుర్చీలో కూర్చుని మా అత్తయ్యతో, "ఎర్రచుక్క పడి ఉంటే పదకొండుంబావుకే మనిషిని పంపేవాణ్ణమ్మా. పదకొండుకీ పన్నెండుకీ ఒంటిగంటకీ రీడింగులు టంచనుగా వచ్చాయి. బాగానే ఉన్నాడనుకున్నాను" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. నేను తలుపు వెనకాల నిలబడి ఉన్నాను. ఆఫీసు ఫోను నా చేతిలోనే ఉంది. నోరు తెరవలేదు.

నేను నోరు తెరిచి ఉంటే తమ ఉత్తరం ఇలా వచ్చేది కాదు. ఆ మూడు రీడింగులు ఆయనే ఇంట్లోంచి కొట్టి, ఆ తర్వాత ఎప్పుడో గుంతలో దిగారని తమరు అనుకున్నారు. ఆ మూడూ నావి. ఋజువు కావాలంటే రిజిస్టరు చూడండి. నేను ప్రతి పేజీ వేలు పెట్టి చూశాను. ఏడు నెలల్లో గుంతలో గేజి ఒక్కసారీ నాలుగు దాటలేదు. నాలుగు పాయింట్ రెండు అని ఆయన చేత్తో ఎక్కడా లేదు.

పద్నాలుగో తేదీ పేజీలో అయిదు వరసలు నిండి ఉంటాయి. ఆరో వరసలో పదకొండు గంటలు అని రాసి ఉంది. దాని పక్కన రీడింగు గడి ఖాళీగా ఉంది. అంటే పదకొండింటికి ఆయన పంపు గదిలో ఉన్నారు, గంట రాసుకున్నారు, రీడింగు కోసం దిగారు, తిరిగి రాలేదు. ఆ రోజు జరిగింది యాప్‌లో లేదు. ఆ ఖాళీ గడిలో ఉంది.

8. కావున తమరిని వేడుకునేది:

ఏడు నెలల హాజరును ఫోను ఉన్న చోటును బట్టి కాక, రిజిస్టరును బట్టి లెక్కకట్టించవలెను. నా భర్త విధిలో ఉండగా, రీడింగు కోసం దిగి చనిపోయినట్టు రాయించవలెను.

పదకొండు, పన్నెండు, ఒంటిగంట రీడింగులు కొట్టివేయించవలెను. ఒకసారి పడిన అంకె తీయడం కుదరదు, యాప్ ఒప్పుకోదు అని గుమాస్తాగారు అన్నారు. కుదరకపోతే ఆ మూడింటి పక్కన నా పేరైనా రాయించండి. ఉద్యోగం లేని మనిషి ఆఫీసు ఫోను వాడినందుకూ, తప్పుడు రీడింగు వేసినందుకూ ఏ శిక్ష ఉంటే అది నాకు వేయండి. నేను కాదనను. వేస్తే నాకు కాస్త తేలికగా ఉంటుందేమో కూడా.

నిచ్చెనకు కొత్త మెట్టు వేయించవలెను. రెండింటి షిఫ్టు అన్నయ్య ఇప్పుడు రెండో మెట్టు మీద నుంచి నాలుగో మెట్టు మీదికి కాలు చాపి దిగుతున్నాడట. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. ఆ రిమార్కుల గడి కూడా యాప్‌లో ఎక్కడైనా పెట్టించండి. చిన్నదైనా ఫరవాలేదు.

తమరికి పనులెన్నో ఉంటాయని తెలుసు. మధ్యలో వదిలేయకుండా ఏడో విషయం దాకా చదివి, దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
మూడో నంబరు పంపు హౌసు ఆపరేటరు భార్య

జతపరిచినవి: రిజిస్టరు పేజీ జిరాక్స్ ఒకటి. ఆఫీసు ఫోను, చార్జరుతో సహా, ఒకటి.

ఇంకొక మాట: నా సంతకం పక్కన ఉన్న వేలిముద్ర మా అత్తయ్యది. ఆమెకు చదువు రాదు. పోస్టు చేసే ముందు ఏమి రాశావో చదవమంది. ఏడో విషయం వదిలేసి చదువుదామనుకున్నాను. కానీ గొంతు అక్కడిదాకా వచ్చాక ఆగలేదు, మొత్తం చదివేశాను. ఆమెకు ఆ సంగతి తెలియడం అప్పుడే. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, బొటనవేలికి సిరా పూసుకుని, కాగితం మీద గట్టిగా నొక్కింది.

"ఇది దేనికి అత్తయ్యా?" అని అడిగాను.

"వాడు డ్యూటీకి వెళ్ళాడని సాక్ష్యం. పొద్దున డబ్బాలో అన్నం సర్ది ఇచ్చింది నేనే కదా" అంది.

ఆ మూడు రీడింగుల గురించి ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికీ బియ్యం కడుగుతోంది.